దేవన్న పేరు మీద పూడ్చిన నర్సింలు

"చచ్చిన మనిషికి సెలవేంది?" అన్నాడు కఫీల్.

అది 1992 రంజాన్ తరువాతి మాట. ఖతీఫ్‌లోని ఖర్జూర తోటలో, మోటారు షెడ్డు ముందు నిలబడి, ఒక్కసారి ఇంటికి పంపమని దేవన్న అడిగినప్పుడు వచ్చిన జవాబు. కఫీల్ కోపంగా అనలేదు, నవ్వుతూ అన్నాడు. పొట్ట చెక్కలయ్యే జోకు చెప్పినవాడిలా దేవన్న భుజం తట్టాడు కూడా. దేవన్న తానూ నవ్వాడు. నవ్వి, రెంచీ తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అట్లా ఐదేళ్ళు నవ్వాడు.

సౌదీలో పనికి కుదిరిన ప్రతి మనిషి వెనుక ఒక కఫీల్ ఉంటాడు. వీసా అతను ఇచ్చిందే, పాస్‌పోర్టు అతని బీరువాలోనే. పనివాడి చేతిలో మిగిలేది ఇకామా ఒక్కటే. అది ఆ దేశంలో ఉండనిచ్చే చిన్న పుస్తకం. అది జేబులో లేకపోతే రోడ్డు మీదికి రాలేడు. దేవన్నకు పాస్‌పోర్టూ లేదు, ఇకామా లేదు. ఎందుకంటే సర్కారు లెక్కలో దేవన్న 1991 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. ఎడారిలో ఒక చిన్న ఊరి బయట అతన్ని పూడ్చిపెట్టారు. కాగితం అట్లాగే ఉంది. కఫీల్ సంతకం చేశాడు.

జీతగాడికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుందో నాకు తెలియదు. పారిపోలేడు, ఫిర్యాదు చేయలేడు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోలేడు. యజమానికి ఇంతకన్నా లాభసాటి మనిషీ ఉండడు. దేవన్న మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. తప్పు తనదే అనుకున్నాడు.

ఆ తప్పేమిటో చెప్పాలి.

దేవన్నది ఆర్మూరు దగ్గర పల్లె. నర్సింలుది పక్క ఊరు. ఇద్దరూ ఖతీఫ్‌లో ఒకే క్యాంపులో, ఒకే గదిలో, ఒకదాని మీద ఒకటిగా ఉండే ఇనుప మంచాల మీద పడుకునేవాళ్ళు. దేవన్న తోటల్లో మోటార్లు చూసేవాడు. నర్సింలు వేరే కాంట్రాక్టరు దగ్గర సెంట్రింగ్ పని. యుద్ధం మొదలై, సైరన్లు మోగి, దహ్రాన్ వైపు ఆకాశం ఎర్రబడటం మొదలయ్యాక ఆ కాంట్రాక్టరు ఆఫీసుకు తాళం వేసి, పనివాళ్ళ పాస్‌పోర్టులతో సహా రియాద్ వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టు తెచ్చుకుంటే తప్ప నర్సింలు ఇంటికి పోలేడు. రియాద్ పోవాలంటే దారిపొడుగునా చెక్‌పోస్టులు.

"నా ఇకామా అయిపోయి నాలుగు నెలలాయె దేవన్నా. చెక్‌పోస్టుల దొరికితే జైలే."

"నాది తీస్కపో."

"ఫొటో?"

"ఆ ఫొటోల నా తీరు నేనే లేను. మీసముంటె చాలు. నీకూ ఉంది, నాకూ ఉంది."

"మల్ల నీకు?"

"నేను తోట దాటి ఎటు పోత? మోటరు నన్ను ఇకామా అడుగుతదా?"

ఇది మనవాళ్ళ క్యాంపుల్లో ఆ రోజుల్లో మామూలే. ఒకడి ఇకామా ఇంకొకడి జేబులో ఊరు తిరిగి వచ్చేది. బోధన్ నుంచి వచ్చిన డ్రైవర్ గౌస్ మొహిద్దీన్ కూడా అక్కడే ఉన్నాడు. అతనిది ముస్లింలకిచ్చే ఆకుపచ్చ అట్ట ఇకామా, నర్సింలుకు పనికిరాదు. దేవన్నది, నర్సింలుది గోధుమరంగు అట్టలు. అందుకే గౌస్ అన్నాడు: "నా పచ్చది తీస్కపోతే చెక్‌పోస్టుల నమాజు చెయ్యమంటరు. నీకు వొంగుడు రాదు, లేసుడు రాదు. దేవన్నదే తీస్కపో." ముగ్గురూ నవ్వుకున్నారు.

నర్సింలు నీళ్ళ ట్యాంకరు ఎక్కి వెళ్ళాడు. పెద్ద రోడ్డు నిండా సైన్యం బండ్లు. ట్యాంకరు డ్రైవరు అడ్డదారి పట్టాడు. ఆ దారిలో, ఒక చిన్న ఊరికి ఇవతల, రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక మేట ఎక్కి ట్యాంకరు బోల్తా పడింది. ఇద్దరూ పోయారు.

ఆ ఊరి ట్రాఫిక్ పోలీసులు జేబు వెతికితే గోధుమరంగు పుస్తకం దొరికింది. అందులో ఉన్న పేరు రాసుకున్నారు. అందులో ఉన్న కఫీల్‌కు ఫోన్ చేశారు. ఫోన్ వచ్చేసరికి ఆ కఫీల్ కళ్ళ ముందే దేవన్న మోటారుకు గ్రీజు పెడుతున్నాడు.

నిజం చెబితే ఇకామా ఇచ్చినందుకు దేవన్నకు జైలు, తన పనివాణ్ణి అదుపులో ఉంచనందుకు తనకు తలనొప్పి. చెప్పకపోతే ఏమీ లేదు. కఫీల్ చెప్పలేదు. ఆ ఊరికి వెళ్ళనూ లేదు, శవాన్ని చూడనూ లేదు. ఖతీఫ్‌లో కూర్చుని కాగితం మీద సంతకం చేశాడు. విమానాలు లేని రోజులు కదా, అక్కడే పూడ్చేశారు. సాయంత్రం దేవన్నను పిలిచి, గౌస్ చేత చెప్పించాడు: నోరు తెరిస్తే నువ్వు జైలుకు పోతావు, పోయినవాడు ఎట్లాగూ రాడు.

"నేను ఇయ్యకుంటె వాడు పోకపోవు గద" అని దేవన్న ఇప్పటికీ అంటాడు. ఇయ్యమన్నదెవరు, ఇయ్యక తప్పని పరిస్థితి తెచ్చిందెవరు, పాస్‌పోర్టులు సంచీలో వేసుకుని పోయిందెవరు అని ఎన్నిసార్లు అడిగినా అతని దగ్గర జవాబు ఒక్కటే: "అయినా ఇచ్చింది నేనే."

దేవన్న భార్య సీతాబాయికి టెలిగ్రాం చేరింది. మూడు రోజులు ఇల్లంతా ఏడ్చింది, గాజులు పగలగొట్టారు. నాలుగో రోజు ఊళ్ళోని ఫోన్ బూత్‌కు గౌస్ ఫోన్ చేశాడు. పక్కనుంచి దేవన్న "సీతా" అన్నాడు. అవతలి నుంచి తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్లంత తియ్యటి మాటలు తన జన్మలో వినలేదంటాడు దేవన్న.

పక్క ఊళ్ళో నర్సింలు భార్య భాగ్యలక్ష్మికి మాత్రం ఏ టెలిగ్రామూ రాలేదు. పనిలోకి రాలేదు కాబట్టి పరారయ్యాడని, యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన కాంట్రాక్టరు రాయించాడు. సీతాబాయి వెళ్ళి జరిగింది చెప్పింది. అత్తింటివాళ్ళు నమ్మలేదు. "దేవన్న సచ్చిండని తారొచ్చింది, దేవన్న బతికిండు. మా నర్సింలు సచ్చిండని ఏ తారూ రాలె, మరి మావోడెట్ల సస్తడు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నర్సింలు అక్కడ ఇంకొకతెను చేసుకున్నాడని ఊరు కథ అల్లింది. భర్త వదిలేసిన మనిషిగా భాగ్యలక్ష్మి ఆరేళ్ళు బీడీలు చుట్టింది. మామ ఇంట్లోంచి పొమ్మన్నాడు. మండలాఫీసులో వితంతు పింఛను అడిగితే నుదుటి బొట్టు చూపించి నవ్వారు. బొట్టు తీసేద్దామంటే అత్త కొట్టింది. ఆమె దేవన్నకు రాయించిన ఉత్తరంలో ఒక్క సంగతే ఉంది: "అన్నా, ఉన్నడా లేడా, సర్కారోళ్ళతోటి రాయించి పంపు. ఏడ్వాల్నంటె కూడ కాయితం అడుగుతున్నరు."

1997లో సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు గడువులోగా జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు రియాద్‌లోని మన రాయబార కార్యాలయం అవుట్‌పాస్ ఇస్తుంది. ఆ కబురు గౌస్ తెచ్చాడు.

"ఓ ముర్దా సేట్, లే! గోరీల నుంచి బయటికి రా. మాఫీ ఇచ్చిండ్రు."

"నర్సింలు కాయితం లేకుంట ఎట్ల పోత గౌస్ భాయ్? భాగ్యవ్వకు ఏ మొఖం చూపియ్యాలె?"

"ఆరేండ్లు ఊకున్నవు, ఇప్పుడు యాదికొచ్చిందా?"

"పోతే మల్ల రాను గద. నేను పోయిన్నాడు వాడు నిజంగనే పరారైనట్టు."

గౌస్ తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఖర్జూరాల పికప్‌లో దేవన్నను కూర్చోబెట్టుకుని ఆ చిన్న ఊరికి బయల్దేరాడు. ఇంటికి పోయేవాళ్ళు టిక్కెట్ల కోసం తిరుగుతున్నారని రోడ్డు మీద చూసీచూడనట్టు వదిలేస్తున్న రోజులవి.

ట్రాఫిక్ ఆఫీసు రెండు గదులు. ఒకదానిలో నలుగురు పోలీసులు, ఒకదానిలో ఫైళ్ళు. గుమాస్తా ముసలాయన, మర్యాదస్తుడు. కూర్చోమని, కావా కాఫీ పోసి, ఏం కావాలని అడిగాడు. 1991 ట్యాంకరు ప్రమాదం నివేదిక నకలు కావాలని గౌస్ అరబ్బీలో చెప్పాడు. గుమాస్తా పుస్తకం తిప్పి వేలు పెట్టి చూపించాడు. ఉంది. ఫైలు లోపలే ఉంది.

"ఈయన చచ్చినాయనకు ఏమైతడు అని అడుగుతుండు" అన్నాడు గౌస్.

దేవన్న కప్పు కింద పెట్టాడు. ఆ పుస్తకంలో చచ్చినాయన తనే. స్నేహితుణ్ణంటే స్నేహితుడికివ్వరు. తనెవరో చెబితే ఆ నిమిషాన్నే లోపల వేస్తారు.

"ఊరోడని చెప్పు."

ఊరివాడికి ఇవ్వరు. వారసులకు ఇస్తారు, కఫీల్‌కు ఇస్తారు. లేదా వారసులు రాసిచ్చిన వకాలత్‌నామా తెచ్చినవాడికి ఇస్తారు. గుమాస్తా ఇది రెండుసార్లు ఓపికగా చెప్పి, ఇంకో కప్పు కావా పోశాడు.

బయటికొచ్చాక గౌస్ పికప్ మీద చేత్తో కొట్టాడు. "భాగ్యలక్ష్మి వకాలత్ పనికిరాదు, ఫైల్ల నర్సింలు పేరే లేదు. ఫైల్ల ఉన్నది నీ పేరు. నీ వారసులు తేవాలె. నీ వారసులెవరు? సీతాబాయి. సమజైందా? నీ పెండ్లాం నీ సావు మీద దస్కత్ పెట్టాలె."

"అది జరిగే పని కాదు."

"మరి నడువు, ఇంటికి పోదాం."

దేవన్న కదల్లేదు. పూడ్చిన చోటు చూద్దామన్నాడు. అది ఎక్కడో అడగడానికి ఊళ్ళోని చిన్న ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ ఒక నర్సు వాళ్ళ మాటలు విని ఆగిపోయింది.

"తెలుగువాళ్ళా అండీ?"

ఆమె పేరు రూతు. తెనాలి దగ్గర ఊరు. ఎనిమిదేళ్ళుగా అక్కడే. ట్యాంకరు ప్రమాదం అనగానే ఆమె చేతిలో పని పక్కన పెట్టింది.

"ఆ రోజు డ్యూటీలో నేనే ఉన్నానండీ. ఎడమ చేతి మీద తెలుగు అక్షరాలు. పచ్చబొట్టు. భాగ్యలక్ష్మి అని. అబ్బా, ఎవరమ్మా ఈ తల్లి, ఈమెకు ఎవరు చెబుతారు అనుకుని ఏడ్చాను. అదేంటని ఆ పోలీసు గుమాస్తా అడిగితే ఆడమనిషి పేరని చెప్పాను. ఆయన కాగితం పెట్టి ఆ అక్షరాలను చూసి చూసి బొమ్మ గీసినట్టు గీసుకున్నాడు, గుర్తుల దగ్గర. అది ఫైల్లోనే ఉండాలి అన్నయ్యా."

నిజామాబాద్ జాతరలో, పెళ్ళైన రెండో వారం పొడిపించుకున్నాడు నర్సింలు. క్యాంపులో స్నానానికి వెళ్ళినప్పుడల్లా "చెయ్యి కడుగుతున్నవా, పెండ్లాంకు తానం పోస్తున్నవా" అని ఏడిపించేవాళ్ళు. దేవన్న చేతి మీద ఏ పేరూ లేదు. అతని భార్య పేరు సీతాబాయి. ఆ ఫైల్లోని ఒక్క గీత చాలు, చనిపోయింది ఎవరో చెప్పడానికి.

ఆ రాత్రే సీతాబాయికి ఫోన్.

"నువ్వు బతికుండంగ నేను ముండమోపినని రాసియ్యాల్నా? ఏం మాట్లాడుతున్నవయ్యా? ఒక్కసారి గాజులు పలగ్గొడితె నీకు సాల్లేదా?"

"భాగ్యవ్వ కోసం."

"భాగ్యక్క కోసం బీడీలు చుట్టిస్త, బువ్వ పెడత. బొట్టు నాది, నేనెట్ల ఇస్త?"

ఫోన్ పెట్టేసింది. వారం మాట్లాడలేదు. తరువాత రాసిస్తానని ఆమే కబురు పెట్టింది.

ఆర్మూరులో ఫొటో స్టూడియో. వకాలత్‌నామాకు ఫొటో కావాలి, వితంతువు ఫొటోలో బొట్టు ఉంటే మండలాఫీసులో ముద్ర వెయ్యరన్నాడు ఫొటోగ్రాఫరు. భాగ్యలక్ష్మి కూడా వెంట వెళ్ళింది. అద్దం పట్టుకుని నిలబడింది ఆమే. మొగుడు పోయిన మనిషి నుదుట బొట్టుతో అద్దం పట్టుకుంటే, మొగుడున్న మనిషి ఆ అద్దంలో చూసి బొట్టు తుడుచుకుంది. ట్రంకుపెట్టెలో దాచిన 1991 టెలిగ్రాం జత చేశారు. కాగితం మీద ముద్ర పడింది.

"బయటికొచ్చి దుకాణం మెట్ల మీదనే మల్ల పెట్టుకున్న" అని చెప్పింది సీతాబాయి ఫోన్‌లో. "నువ్వు బతికే ఉన్నవు గద?"

"ఉన్న."

"ఇంకోసారి అను."

"ఉన్న సీతా, ఉన్న."

వకాలత్ గౌస్ పేరు మీద వచ్చింది. గడువుకు తొమ్మిది రోజులు. ఈసారి దేవన్న పికప్‌లోనే కూర్చున్నాడు. గంటన్నర తరువాత గౌస్ నాలుగు కాగితాలతో వచ్చాడు. మాట్లాడకుండా మూడోది తీసి ఇచ్చాడు. కుడి నుంచి ఎడమకు పరుగెత్తే అరబ్బీ వరుసల మధ్య, వంకరగా, ముగ్గు వేయడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల వేసినట్టు: భాగ్యలక్ష్మి. క్ష కింద మ వత్తు విడిపోయి పురుగులా పక్కకు పోయింది. అయినా చదవవచ్చు. తెలుగు రాని ఆ ముసలి గుమాస్తా ఆ రోజు ఎంత శ్రద్ధగా గీశాడో. ఈ మొత్తం కథలో తన పని తాను సరిగ్గా చేసిన అధికారి అతనొక్కడే.

దేవన్న ఆ పేరు మీద చెయ్యి పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు.

రియాద్‌లో మలాజ్ పేటలో మన నిజామాబాద్ వాళ్ళ గది ఒకటి ఉంది. అవుట్‌పాస్ కోసం అక్కడ దిగాడు. గదివాళ్ళు లింబాద్రి, ప్రభాకర్ ఎంతో చెప్పారు.

"ఆ కాయితం లోపల పెట్టు దేవన్నా. పాస్‌పోర్టు పోయిందని చెప్పు, పేరు చెప్పు, అవుట్‌పాస్ ఇస్తరు. ఆరేండ్ల కింది ఎడారి ఫైలు ఇక్కడ ఎవడు చూస్తడు? విమానమెక్కు."

"ఇంటికి పోయినంక ఈ కాయితం తోటి ఏం జేస్త?"

"ఏదో ఒకటి చేద్దువు."

"దీన్ల దేవన్న సచ్చిండని ఉంది. దేవన్న బతికిండని ఇక్కడ చెప్పకుంటె, నర్సింలు సచ్చిండని అక్కడ ఎవరు రాస్తరు? నేను చప్పుడు చెయ్యకుంట పోతె వాడు నా పేరు మీద ఉసుకెల పండుకునే ఉంటడు."

"పిచ్చోడివిరా నువ్వు" అన్నాడు లింబాద్రి. అని, తన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాడు, కౌంటరు దగ్గరికి మంచి బట్టల్లో పోవాలని.

రాయబార కార్యాలయం వరుసలో నిలబడి దేవన్న ఆ కాగితాలన్నీ కౌంటరు మీద పెట్టాడు. దాచకుండా అంతా చెప్పాడు. కౌంటరులోని మనిషి విన్నాడు. నిబంధన ప్రకారం చెప్పాల్సిందే చెప్పాడు: ఈ పేరు మీద మరణం నమోదై ఉందని నువ్వే కాగితం ఇచ్చాక, ఇదే పేరు మీద అవుట్‌పాస్ రాయలేను. చనిపోయింది వేరే మనిషని రుజువు కావాలి. ఆ పచ్చబొట్టు నర్సింలుదేనని, నువ్వే దేవన్నవని తెలిసినవాళ్ళు ప్రమాణ పత్రాలు ఇవ్వాలి. అవి వస్తే మరణం పేరు మార్చమని రాస్తాం, నీకూ దారి దొరుకుతుంది.

మిగిలిన రోజుల్లో అవి రాలేదు. గడువు దాటింది.

ఇప్పుడు దేవన్న మలాజ్‌లో ఆ గదిలోనే ఉన్నాడు. తోటకు తిరిగి వెళ్ళలేడు, వీధిలోకి రాలేడు. కిటికీకి అట్టముక్క. నలుగురు పనికిపోతే వాళ్ళకు వంట చేసి పెడతాడు. బయట బండి ఆగిన చప్పుడైతే స్నానాల గదిలోకి పోయి నిలబడతాడు. ఆ నకలు ప్లాస్టిక్ కవరులో మడిచి బనీను లోపల కట్టుకున్నాడు. పోయిన నెల జ్వరం వచ్చి పన్నెండు రోజులు పడి ఉంటే డాక్టరును పిలవలేకపోయారు. ఫోన్‌లో గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది. "నేను ఈడ్నే పోతే నా మీద ఎవరి పేరు రాస్తరు? నా పేరైతే ఐపాయె" అన్నాడు. జోకు వేద్దామనే మొదలుపెట్టాడు, కాని ముగించలేకపోయాడు.

పేర్లు ఎందుకు దాచలేదని కొందరు అడుగుతారు. దేవన్నే దాచొద్దన్నాడు. కాంట్రాక్టు ముగించుకుని తెనాలి చేరిన రూతమ్మ కూడా "నా పేరు రాయండి, నేను చూశాను కాబట్టి" అంది. ఆమె ప్రమాణ పత్రం వచ్చింది. మొదటిది అదే. ఒకటి సరిపోదు.

మీరు 1989 నుంచి 91 దాకా ఖతీఫ్ క్యాంపుల్లో ఉండి ఉంటే, పెళ్ళాం పేరు చేతి మీద ఉన్న సెంట్రింగ్ నర్సింలును చూసి ఉంటే, ఒక తెల్ల కాగితం మీద ఆ సంగతి రాయండి. నవ్వినమాట గుర్తున్నా సరే, అదే రాయండి. ఆర్మూరు చుట్టుపక్కల వాళ్ళయితే, ఆ జాతరలో పచ్చబొట్టు పొడిచిన మనిషి జాడ తెలిస్తే చెప్పండి. దేవన్నతో చదువుకున్నవాళ్ళు, పొలం పని చేసినవాళ్ళు, ఫోన్‌లో ఆ గొంతు ఇప్పటికీ పోల్చగలవాళ్ళు అతను బతికే ఉన్నాడని రాయండి. సంతకం చేసి, చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసి, మండలాఫీసులో ముద్ర వేయించి ఈ పత్రిక చిరునామాకు పంపండి. మండలాఫీసులో ఎవరైనా నవ్వితే వాళ్ళ పేరు కూడా రాసి పంపండి.

అవి చేరేదాకా భాగ్యలక్ష్మికి బొట్టు తీసే వీల్లేదు, దేవన్న గది దాటలేడు. ఈ వారమే రాయండి. ఇది చదవడం అయ్యాక పక్కన పెట్టే కాగితం కాదు.